కవరు, స్టాండు, క్లిప్పు

కౌంటరమ్మ దృష్టిలో ఆసుపత్రి కూడా ఒక పెద్ద షోరూమే. గుమ్మంలో నవ్వు మొహం, లోపల చల్లదనం, కూర్చోబెట్టి మంచినీళ్ళు, ఆ తర్వాత మాటలు. కూర్చున్న మనిషికి లేచి వెళ్ళబుద్ధి కాకుండా ఎలా చెయ్యాలో ఆవిడకు ఒకరు నేర్పనక్కర్లేదు. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటిదాకా ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, మిక్సీలు అమ్ముతూ తల నెరిసిన మనిషి. నెరిసిన తల అనడం కూడా పాతమాటే. కీమోకి ఆ నెరుపూ పోయింది, నలుపూ పోయింది.

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. షాపులో కౌంటరు వెనక ఎత్తు కుర్చీలో కూర్చుంటుంది కాబట్టి కౌంటరమ్మ. వెనక గదిలో విప్పి పడేసిన మోటార్ల మధ్య స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చునే ఆవిడ భర్త వెనకాయన. ముందు నోరుంది, వెనక చెయ్యుంది, ఇంక ఆ షాపుకి అడ్డేముందని చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు అనుకునేవారు. చిక్కల్లా ఒక్కటే. వెనకాయనకు అబద్ధం నోట పలకదు. కొత్తలో ఒకసారి, ఒకావిడ ఫ్రిజ్ బేరం కుదుర్చుకుని, దీనికి స్టెబిలైజరు కూడా తీసుకోవాలా అని అడుగుతుంటే, ఈయన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఈ మోడల్‌కి అక్కర్లేదండీ, లోపలే ఉంది అన్నాడు. ఆ రోజు నుంచి షాపులో ఒక కట్టడి. కొనేవాళ్ళున్నప్పుడు ఆయన ముందుకి రాకూడదు. వచ్చినా నోరు తెరవకూడదు. తెరవబోతే కౌంటరమ్మ ఒక చూపు చూసేది. దానికి ఆయన అలవాటుపడ్డాడు.

కొత్తగా పనిలో చేరిన అమ్మాయిలకు కౌంటరమ్మ మొదటి రోజే పాఠం చెప్పేది. ఫ్రిజ్ అమ్మేటప్పుడు ఫ్రిజ్ సంగతే మాట్లాడండి. స్టాండు ఊసు, కవరు ఊసు ఎత్తకండి. తీసుకుంటానని వాళ్ళ నోటితో వాళ్ళు అన్నాక, హమ్మయ్య తేలిపోయిందని భుజాలు కిందికి జారాక, అప్పుడే గుర్తొచ్చినట్టు, దీనికి స్టాండు కూడా వేసేద్దామా అనండి. పెద్దదానికి ఒప్పుకున్న మనిషి చిన్నదానికి కాదనడు. తర్వాత మీకే ఉపయోగపడుతుంది అని ఒక్క మాట కలిపితే ఇంక తిరుగులేదు. ఫ్రిజ్ మీద మనకు మిగిలేది అంతంతమాత్రం. షాపు నడిచేదంతా ఆ చిల్లర సరుకు మీదే.

ఇంత తెలిసిన మనిషి కాబట్టే ఆసుపత్రిలో పప్పులో కాలేసింది.

ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ ఉందనీ, అది క్యాన్సరేననీ, ముందు కీమో ఇచ్చి దాన్ని చిన్నది చేసి ఆ తర్వాత ఆపరేషను చేస్తామనీ పెద్ద డాక్టరు చెప్పింది. కౌంటరమ్మ ఏడవలేదు. అన్నిటికీ సరేనంది. తేలిపోయింది కదా అని లేవబోతుంటే పక్క గదిలోకి పిలిచారు. అక్కడ చిన్న డాక్టరు ఉంది. ఈ మధ్యే చదువు ముగించుకొచ్చిన పిల్ల. మెడలో స్టెతస్కోపు ఇంకా తనది కానట్టే మాటిమాటికీ సర్దుకుంటోంది.

"కీమో మొదలుపెట్టే ముందు గడ్డలో ఒక చిన్న క్లిప్పు కూడా పెడతామండీ," అంది.

కౌంటరమ్మకు నవ్వొచ్చింది. తన పాఠం తనకే ఎవరో అప్పజెబుతున్నట్టుంది. ఆ పిల్ల చెప్పుకుపోతోంది. బియ్యపు గింజ కన్నా చిన్నదట. పెట్టినట్టే తెలియదట. తర్వాత ఉపయోగపడుతుందట. ఆ మాట దగ్గర కౌంటరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఇందులో నీకెంత ముడుతుంది పాపా?"

నవ్వుతూనే అడిగింది. బజారులో ఒకరినొకరు అడుక్కునే మాటే అది. ఆ పిల్ల చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఏదో చెప్పబోయి ఆగింది. పక్కన కూర్చున్న వెనకాయన గొంతు సవరించుకుని, అదెందుకు పెడతారో ఒకసారి అడుగుదాం అన్నాడు. కౌంటరమ్మ ఆయన వైపు ఆ చూపు చూసింది. ఆయన ఒళ్ళో హెల్మెట్టు సర్దుకున్నాడు.

"ఇలాంటివి నేను రోజూ అమ్ముతానమ్మా. నాకే అమ్మజూస్తే ఎలా," అని కౌంటరమ్మ లేచింది. మీ ఇష్టమండీ అంది చిన్న డాక్టరు, తల ఎత్తకుండా.

ఆ సాయంత్రం ఆడపడుచు వస్తే ఈ ముచ్చట ఎంత సంబరంగా చెప్పిందో. అక్కడ కూడా ఏదో అంటగట్టబోయారు, నా దగ్గరా వాళ్ళ ఆటలు అంది. ఆ ఏదో ఏమిటో చెప్పలేదు, ఆడపడుచూ అడగలేదు. రోగం వచ్చినా వదిన వదినే అని ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో నవ్వు దొరకడమే గొప్ప.

తర్వాత కీమో. ఆ సంగతి పడ్డవాళ్ళకు చెప్పక్కర్లేదు, పడనివాళ్ళకు చెప్పినా తెలియదు. నోట్లో ఎప్పుడూ ఇనుము నాకినట్టు రుచి. గోళ్ళు నల్లబడ్డాయి. వేళ్ళ చివర్లు మొద్దుబారి, అట్టపెట్టె మీద టేపు కొస ఎక్కడుందో గోటికి అందేది కాదు. అయినా ఒంట్లో బాగున్న రోజుల్లో టోపీ పెట్టుకుని వచ్చి ఎత్తు కుర్చీ ఎక్కేది. అడిగినవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పేది. జబ్బు గురించి ఆవిడకు సిగ్గు లేదు. జబ్బు తను చేసింది కాదు కదా.

చివరి డ్రిప్పు తీసేసిన రోజు నర్సు చేతి మీద దూది అద్ది, ఇంక ఈ కుర్చీకి మీతో పనిలేదమ్మా అంది. ఒళ్ళు కాస్త తేరుకున్నాక స్కాన్ తీశారు. ఆ స్కాన్ చూసి ఆపరేషను సంగతి మాట్లాడటానికి పెద్ద డాక్టరు రమ్మంది.

పెద్ద డాక్టరు మితంగా మాట్లాడే మనిషి. అలాంటిది ఆ రోజు తెర మీద బొమ్మ చూసి కుర్చీలో వెనక్కి వాలింది.

"మందు చాలా బాగా పనిచేసిందమ్మా. గడ్డ కనబడటం లేదు."

 కౌంటరమ్మకు పోయిందనుకున్న సరుకు గోడౌన్ మూలలో దొరికినట్టుంది. అయితే ఆపరేషను అక్కర్లేదా అని అడిగింది. కావాలంది డాక్టరు. కంటికి కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. గడ్డ ఉన్న చోటు వరకు తీసి పరీక్షకి పంపాలి. అంతమేరకే తీస్తే చాలు, రొమ్ము నిలబడుతుంది. ఆ మాట విని కౌంటరమ్మ ఎడమ చెయ్యి తనకు తెలియకుండానే వెళ్ళి అక్కడ ఆనింది. ఇన్ని నెలలుగా దాన్ని పోయినదాని కిందే జమకట్టేసుకుంది.

డాక్టరు మళ్ళీ తెర వైపు తిరిగింది. బొమ్మను అటు తిప్పింది, ఇటు తిప్పింది. నుదురు ముడిపడింది.

"క్లిప్పు ఎక్కడ?"

చిన్న డాక్టరును పిలిపించారు. ఆ పిల్ల వచ్చి తలుపు దగ్గర నిలబడింది. పెద్ద డాక్టరు వీళ్ళిద్దరికీ విషయం విడమరిచి చెప్పింది. గడ్డ కరిగిపోతే అది ఎక్కడ ఉండేదో ఆనవాలు ఉండదు. అందుకే ముందుగా దాని మధ్యలో క్లిప్పు వేస్తారు. గడ్డ పోయినా క్లిప్పు పోదు. ఆ క్లిప్పు చుట్టూ ఉన్న కాస్త తీస్తే సరిపోతుంది. గోడలో పైపు ఎటు పోయిందో గుర్తు పెట్టకుండా ప్లాస్టరింగ్ చేసేస్తే తర్వాత మొత్తం గోడ పగలగొట్టాల్సిందే కదా అంది. వెనకాయన తల ఊపాడు. ఆయనకు అది బాగా తెలిసిన సంగతి. పాత స్కాన్లు పెట్టుకుని అందాజుగా కొయ్యొచ్చు గానీ, మీ విషయంలో అందాజు మీద ఆధారపడలేననీ, రొమ్ము మొత్తం తీయడమే క్షేమమనీ డాక్టరు తేల్చేసింది. తర్వాత మామూలుగానే అడిగింది.

"క్లిప్పు ఎందుకు పెట్టించుకోలేదమ్మా?"

"నాకెవరూ చెప్పలేదండీ," అంది కౌంటరమ్మ.

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదని రాయడం తేలిక. కానీ ఆవిడకు తెలుసు. అమ్మిన మెషీను పాడై తిరిగొస్తే ముందు అనాల్సిన మాట ఒకటుంటుంది. లోపం ఎప్పుడూ కౌంటరుకి అవతలి వైపే ఉండాలి. అవతల ఎవరున్నారనేది చూడకూడదు. అలా ఎన్నిసార్లు అనుంటుందో. ఈసారి అవతల ఆ పిల్ల ఉంది.

చిన్న డాక్టరు ఒక్కసారి కౌంటరమ్మ మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. నిజంగా తను చెప్పలేదేమోనని వెతుక్కుంటున్నట్టుంది.

"నేనే సరిగ్గా చెప్పలేదేమో మేడమ్."

"ఏమో ఏంటి? చెప్పావా, చెప్పలేదా?"

"చెప్పాను. అర్థమయ్యేలా చెప్పలేదు."

పెద్ద డాక్టరు గొంతు పెంచలేదు. నువ్వు సగం చెప్పి వదిలేసిన మాటకి ఈవిడ ఏం పోగొట్టుకుంటోందో చూడు అంది. అప్పుడు వెనకాయన కుర్చీలో కదిలాడు. ఆయన పెదాలు విడివడటం కౌంటరమ్మ పక్కనుంచి గమనించింది. ఆయన వైపు తిరిగి ఆ చూపు చూసింది. పెదాలు మూసుకున్నాయి. ఆయన హెల్మెట్టు అద్దం మీద గీత ఏదో ఉంటే దాన్ని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. రుద్దితే పోయే గీత కాదది.

ఇంటికి స్కూటరు మీద వచ్చారు. మామూలుగా అయితే వెనక కూర్చున్న ఈవిడ దారి పొడుగునా దుకాణాల బోర్డులు చదివి వాళ్ళ బేరాల మీద తీర్పులు చెబుతుంది. ఆయన గుంత వస్తే గట్టిగా పట్టుకో అంటాడు. ఆ రోజు గుంతలూ వచ్చాయి, బోర్డులూ వచ్చాయి. 

ఇంట్లో ఆడపడుచు వంట చేసి పెట్టి కూర్చుంది. వెనకాయనకు చెల్లెలు, కుట్టుపని నేర్పే బడి నడుపుతుంది. మంచి మనిషి. తగువు దొరికితే మాత్రం తిండి కూడా గుర్తుండదు. సంగతి విని ముందు వదినను పట్టుకుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకున్నాక ఇంక అందుకుంది. ఆ పిల్ల నోరు పడిపోయిందా, చదువెందుకు, తెల్లకోటెందుకు, దాని ఉద్యోగం ఊడగొట్టిస్తే గానీ ఇంకో ఆడదానికి ఇలా జరక్కుండా ఉండదు అంది. పైవాళ్ళను కలిసి అడిగేస్తానంది. కౌంటరమ్మ, పోనీలే అమ్మాయ్, జరిగిందేదో జరిగింది అంది. అలా అన్నకొద్దీ ఆడపడుచు కళ్ళలో వదిన ఇంకా గొప్పదైపోయింది. ఇంత కష్టంలోనూ అవతలివాళ్ళ పొట్ట కొట్టకూడదనుకుంటోంది చూడు అంది.

తను అమ్మిన ఏ సరుకూ ఇంత బాగా అమ్ముడుపోలేదు అనుకుంది కౌంటరమ్మ. కలిపిన అన్నమే మళ్ళీ కలిపింది.

ఆడపడుచు అన్న వైపు తిరిగింది.

"అన్నయ్యా, పక్కనే ఉన్నావుగా. ఆ పిల్ల అసలు చెప్పిందా లేదా?"

వెనకాయన సింకు దగ్గర చెయ్యి కడుక్కుంటున్నాడు. కుళాయి కట్టేదాకా ఆగాడు.

"నాకు గుర్తులేదు," అన్నాడు.

ఎప్పుడో బాగుచేసిన మిక్సీ తెచ్చి ముందు పెడితే, దీనికి నేను ఫలానా బుష్ వేశాను, అప్పుడు దీని మూతకి పగులు లేదు అని చెప్పగల మనిషి. ఆ మనిషి గుర్తులేదన్నాడు. అనేసి తువ్వాలుతో చేతులు తుడుచుకుని, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. కౌంటరమ్మ కంచం వైపు చూస్తూ కూర్చుంది. పెళ్ళయినప్పటి నుంచి ఈ మనిషికి అబద్ధం నేర్పాలని తను పడ్డ పాట్లు గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళకి వచ్చింది, ఇదిగో ఇలా.

మర్నాడు షాపుకి వెళ్ళింది గానీ ఎత్తు కుర్చీ ఎక్కే ఓపిక లేకపోయింది. వెనక గదిలో ఆయన మడతమంచం వేసి పడుకోబెట్టాడు. ముందు ఆయనే నిలబడాల్సి వచ్చింది. మధ్యలో తెర ఒక్కటే అడ్డం. టీచరుగా పనిచేసే ఒకావిడ అద్దెగదిలోకి చిన్న ఫ్రిజ్ కొనడానికి వచ్చింది. చాలాసేపు చూసి చివరికి ఒకటి ఖాయం చేసుకుంది. అప్పుడు అడిగింది, దీనికి స్టెబిలైజరు కావాలా అండీ అని.

తెర వెనక కౌంటరమ్మ కళ్ళు తెరిచింది. ఆయన ఏమంటాడో ఆవిడకు తెలుసు. అనబోయేది విని విసుక్కోవడానికి కూడా సిద్ధంగా ఉంది.

అరలోంచి ఏదో పెట్టె దించిన చప్పుడైంది. తర్వాత ఆయన గొంతు వినబడింది.

"తీసుకోండి. తర్వాత మీకే ఉపయోగపడుతుంది."

మాట మాటకి అది కౌంటరమ్మ మాటే. ఆ టీచరమ్మ తీసుకుంది. బండి మాట్లాడుకుని ఫ్రిజ్‌తోపాటు దాన్నీ ఎక్కించుకుని వెళ్ళింది. వెనకాయన తెర తప్పించుకుని లోపలికొచ్చి, ఖాళీ అట్టపెట్టె మడవడం మొదలుపెట్టాడు.

ఆ మోడల్‌కి అది అక్కర్లేదు కదా అని అడిగింది ఆవిడ. అక్కర్లేదన్నాడు ఆయన. మరెందుకు చెప్పారు అంది.

ఆయన పెట్టెను మోకాలితో అణిచి చదును చేశాడు. కోపంగా చెయ్యలేదు, మామూలుగానే చేశాడు.

"ఆసుపత్రిలో అంత పెద్ద సంగతి దగ్గరే నోరు మూసుకున్నాను. ఇంక ఇక్కడ ఫ్రిజ్ దగ్గర నిజం చెప్పి ఎవర్ని ఉద్ధరించాలి?"

అని ఆ అట్టను గోడకి ఆనించి ముందుకి వెళ్ళిపోయాడు.

కౌంటరమ్మ పైకప్పు చూస్తూ పడుకుంది. లెక్క వెయ్యడం ఆవిడకు ఊపిరి పీల్చుకోవడంతో సమానం. వేసింది. నిజం చెబితే ఏం వస్తుంది? పోయే రొమ్ము ఎలాగూ పోతుంది, చెప్పినంత మాత్రాన ఆగదు. పైగా పరువు పోతుంది. ఆడపడుచు ముందు, ఆ డాక్టరు ముందు, రేపు వీధి వీధంతా ముందు. కౌంటరమ్మకు ఉన్న పేరల్లా ఒక్కటే, బేరంలో ఆవిడను ఎవరూ ముంచలేరని. ఆసుపత్రిలో తనను తనే ముంచుకుందని తెలిస్తే ఇంక ఆ కుర్చీలో కూర్చోవడం దేనికి? చెప్పకపోతే ఏం పోతుంది? ఆ పిల్లకి నాలుగు చీవాట్లు. చిన్న వయసు, దులిపేసుకుంటుంది. ఎటు నుంచి కూడినా చెప్పడంలో లాభం కనబడలేదు. లెక్క సరిగ్గానే ఉంది. అయినా అట్టపెట్టె అణిచిన చప్పుడు చెవిలోంచి పోవడం లేదు.

సాయంత్రం ఆవిడే టీచరమ్మకు ఫోను చేసింది. ఆ స్టెబిలైజరు మీ ఫ్రిజ్‌కి అక్కర్లేదండీ, తిరిగి పంపేయండి, మావాళ్ళు ఎవరో పొరపాటు పడ్డారు అంది. ఫోను పెట్టేశాక గానీ తెలియలేదు. మళ్ళీ మావాళ్ళెవరో అనే అంది. అంత చిన్న విషయంలో కూడా తప్పు తన మీదకు రానివ్వలేదు నాలుక. ఆవిడకు ఒళ్ళంతా సిగ్గేసింది. చుట్టూ ఎవరూ లేరు. అయినా టోపీ కిందికి లాక్కుంది.

ఆపరేషనుకి ముందు ఒకరోజు ఆసుపత్రిలో గడపాలి. రకరకాలవాళ్ళు వచ్చి రకరకాలవి అడుగుతారు. మత్తు డాక్టరు వచ్చి కదిలే పళ్ళున్నాయా అని నోరు తెరిపించి చూశాడు. వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి, ఆపరేషను తర్వాత చెయ్యి బిగుసుకుపోకుండా గోడ మీద వేళ్ళు పాకిస్తూ పైకి ఎలా తీసుకెళ్ళాలో నేర్పింది. మొద్దుబారిన వేళ్ళు గోడ మీద ఉన్నాయో లేవో కళ్ళతో చూసుకుంటే గానీ తెలియడం లేదు. తర్వాత కొన్నాళ్ళు చేతులు పైకెత్తలేరు, ముందు గుండీలున్న చొక్కాలు తెచ్చుకోమన్నారు. అలాంటివి ఇంట్లో ఉన్నది ఆయనకే. సంచీలో ఆయన చొక్కాలు ఉన్నాయి. ఎంత ఉతికినా వాటి ముంజేతుల దగ్గర గ్రీజు మరకలు అలాగే ఉన్నాయి.

చివరగా చిన్న డాక్టరు వచ్చింది. మంచం పక్కన ఒకవైపు వెనకాయన, ఇంకోవైపు ఆడపడుచు. ఆడపడుచు ఆ రోజు ఆ మొహాన్ని చూడటానికే వచ్చింది. వెళ్ళేలోపు అడగాల్సింది అడిగి కడిగేస్తానని ముందే చెప్పింది.

చిన్న డాక్టరు మంచం పక్కన నిలబడి రేపు జరగబోయేది చెప్పడం మొదలుపెట్టింది. ఆపరేషను తర్వాత పక్కన ఒక గొట్టం ఉంటుందంది. అర్థమైందా అండీ అంది. కౌంటరమ్మ అయిందంది. మళ్ళీ చెబుతానండీ అని మళ్ళీ చెప్పింది. గొట్టం ఎందుకో చెప్పింది, ఎప్పుడు తీస్తారో చెప్పింది. నేను చెప్పింది ఒకసారి మీ మాటల్లో చెబుతారా అంది.  దెబ్బతిన్న కొనుగోలుదారు ఎలా ఉంటాడో కౌంటరమ్మకు తెలుసు. ప్రతి మూతా తీసి చూస్తాడు, ప్రతి బల్బూ వెలిగించి చూస్తాడు. ఈ పిల్ల ఇంక బతికినంతకాలం ప్రతి మాటా ఇలాగే వెలిగించి చూసుకుంటుంది కాబోలు అనుకుంది.

అప్పుడే పెద్ద డాక్టరు లోపలికొచ్చింది. ఆడపడుచు కొంగు దోపుకుని ముందుకి జరిగింది. మీతో ఒక మాట మాట్లాడాలి డాక్టరుగారూ, ఈ అమ్మాయి మా వదినకు చేసిన దాని గురించి అంది. చిన్న డాక్టరు ఒక అడుగు వెనక్కి వేసి గోడకి ఆనుకుంది. వెనకాయన నేల వైపు చూస్తున్నాడు. ఆయన ఈసారి నోరు తెరవబోవడం కూడా లేదని కౌంటరమ్మ గమనించింది. ఆవిడ చూపుతో పనిలేకుండానే ఆయన మూగవాడైపోయాడు.

"నువ్వుండు అమ్మాయ్," అంది కౌంటరమ్మ.

తర్వాతి మాట కోసం నోరు తడుపుకోవాల్సి వచ్చింది. నాలుక మీద అదే ఇనుము రుచి.

"ఈ పిల్ల చెప్పింది డాక్టరుగారూ. క్లిప్పు పెడతానంది. నేనే వద్దన్నాను. నాకేదో అమ్మజూస్తోంది అనుకున్నాను. ఇందులో నీకెంత ముడుతుందని అడిగాను. మొన్న మీరు అడిగితే ఎవరూ చెప్పలేదన్నాను. అది అబద్ధం."

ఒక్కో మాట అంటుంటే బట్టలు విప్పుతున్నట్టే ఉంది. ఇన్ని నెలలుగా ఎంతోమంది డాక్టర్ల ముందు ఒళ్ళు చూపించింది. ఏనాడూ ఇంత సిగ్గు కలగలేదు. ఎవరి మొహం వైపు చూడాలో తెలియక దుప్పటి అంచు వైపు చూసింది.

ఆడపడుచు కొంగు వదిలేసింది.

"ఆ రోజు నాకు చెప్పింది ఇదేనా వదినా? ఏదో అంటగట్టబోయారు అన్నావు. నేను కూడా నవ్వాను."  మంచినీళ్ళు తెస్తానని సీసా పట్టుకుని బయటికెళ్ళింది. సీసా నిండుగానే ఉంది.

పెద్ద డాక్టరు చేతిలో ఉన్న ఫైలు మూసింది. ఆవిడ కోపం తెచ్చుకుంటే బాగుండుననుకుంది కౌంటరమ్మ. చివరికి డాక్టరు చిన్న డాక్టరు వైపు తిరిగి, నిన్ను వీళ్ళ ముందే అన్నాను కాబట్టి వీళ్ళ ముందే చెబుతున్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను అంది. కౌంటరమ్మతో, ఆపరేషను మాత్రం మారదమ్మా, మొత్తం తీయక తప్పదు అంది. తెలుసండీ, దానికోసం చెప్పలేదు అంది కౌంటరమ్మ. జీవితంలో రాబడి లేని మాట ఒకటి అన్నానని అప్పుడు తట్టింది. గర్వం కలగలేదు. ఖాళీగా ఉంది, అంతే.

పెద్ద డాక్టరు వెళ్ళాక కూడా ఆ పిల్ల గోడ దగ్గరే నిలబడింది. తప్పయిపోయింది తల్లీ అనాలని కౌంటరమ్మ అనుకుంటూనే ఉంది. ఆ పిల్లే ముందు మాట్లాడింది.

"ఆ రోజు మీరు అలా అడిగాక ఇంటికెళ్ళి ఏడ్చానండీ. ఇంకోసారి ఫోను చేసి చెప్పాలనుకున్నాను. మళ్ళీ ఆ మాటే అంటారేమోనని చెయ్యలేదు. చేసుంటే మీరు ఒప్పుకునేవారేమో. ఆ సగం తప్పు నాదే."

క్షమించానని అనలేదు. కౌంటరమ్మ అడగనూ లేదు. ఆ సగం నీది కాదు తల్లీ అని మాత్రం అంది. ఆ పిల్ల ఒప్పుకున్నట్టు కనబడలేదు. గొట్టం సంగతి ఇంకొక్కసారి చెబుతానండీ అంది.

మర్నాడు పొద్దున ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళే ముందు చిన్న డాక్టరు నల్ల పెన్ను పట్టుకుని వచ్చింది. వెనకాయన మంచం పక్కనే ఉన్నాడు. ఆడపడుచు కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ వదినతో ముక్తసరిగానే మాట్లాడుతోంది గానీ, టోపీ పక్కకి జారితే సర్దింది. ఇంటికి రా, నీ సంగతి అప్పుడు చెబుతా అని కూడా అంది. కౌంటరమ్మకు అదే పెద్ద ఊరట అయింది.

చిన్న డాక్టరు గౌను ఒక పక్కకి తప్పించి, ఎడమ భుజం కింద పెన్నుతో బాణం గుర్తు వేసింది. పెన్ను మొన చల్లగా తగిలింది. అక్కడ ఇంకా స్పర్శ ఉంది. కౌంటరమ్మ ఆ పిల్ల కళ్ళలోకి చూడలేక పెన్ను మూత వైపు చూస్తూ పడుకుంది.

వెనకాయన గొంతు సవరించుకున్నాడు. సవరించుకుని అలవాటు కొద్దీ భార్య మొహం వైపు చూశాడు.

కౌంటరమ్మ కళ్ళు మూసుకుంది.

"ఇదెందుకండీ?" అని అడిగాడు ఆయన.

ఆ పిల్ల చెప్పసాగింది. మత్తులో ఉన్న మనిషి నోటితో చెప్పలేరు కాబట్టి, మెలకువగా ఉన్నప్పుడే ఏ వైపో అడిగి గుర్తు వేస్తామంది. మరి కడిగేటప్పుడు చెరిగిపోదా అని అడిగాడు ఆయన. చెరగదండీ, దీనికి వేరే సిరా ఉంటుంది అంది. అయితే తర్వాత ఎలా పోతుంది అని అడిగాడు. మెషీను విప్పేటప్పుడు అడిగినట్టు, ఒకదాని తర్వాత ఒకటి, నిదానంగా అడుగుతూనే ఉన్నాడు. ఆ పిల్ల ఒక్కోదానికి జవాబు చెబుతూనే ఉంది. బయట స్ట్రెచరు బండి తెచ్చిన మనిషి టైమైందని తలుపు మీద తట్టాడు.

ఒక్క నిమిషం ఆగమని చెప్పు అమ్మాయ్, ఆయన ఇంకా అడుగుతున్నారు అంది కౌంటరమ్మ, కళ్ళు తెరవకుండానే.